ఎనిమిదంకెల తాళం

మా ల్యాబ్‌లో రిపోర్టుల కౌంటర్ నాది. పంతొమ్మిదేళ్ళుగా నాదే. ఎవరి రక్తంలో చక్కెర ఎంతుందో, ఎవరి కాలేయం ఎవరి అలవాట్ల గురించి ఏం చెబుతోందో, పెళ్ళికి ముందు ఎవరు ఏ పరీక్ష చేయించుకున్నారో, అన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి. ఒక్కటీ బయటికి పొక్కలేదు. చాలామంది నోట్లో నువ్వుగింజ నానదు. నా నోట్లో నానడమే కాదు, మొలకెత్తుతుందని మా ఆవిడ అంటుంది. మెచ్చుకోలుగా అనడంలేదని నాకు తెలుసు.

కాగితాల రోజుల్లో గోప్యత అంటే కవరు. కవరు అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం గీసేవాణ్ణి. మూడేళ్ళ కిందట కాగితాలు పోయి ఫోన్లు వచ్చాయి. మా మేనేజరమ్మ ఎక్కడికో రెండు రోజులు శిక్షణకి వెళ్ళొచ్చి, రోగుల వివరాలు ఎలా కాపాడాలో మాకు గంటసేపు చెప్పింది. ఆ గంట తర్వాత వచ్చిన పద్ధతి ఇది. రిపోర్టు తాలూకు లింకు ఫోన్‌కి వెళ్తుంది. లింకుకి తాళం ఉంటుంది. తాళం చెవి రోగి పుట్టిన తేదీ, ఎనిమిది అంకెల్లో. మరీ జాగ్రత్త కోసం మెసేజ్‌లో రోగి పేరు రాయం, ఏ పరీక్షో రాయం. "రిపోర్టు సిద్ధంగా ఉంది, తెరవడానికి రోగి పుట్టిన తేదీ కొట్టండి" అని మాత్రమే ఉంటుంది.

"పుట్టిన తేదీ ఏం రహస్యమండీ, ఇంట్లో అందరికీ తెలిసేదేగా" అన్నాను నేనప్పుడే.

"మీకు ప్రతిదానికీ వంక పెట్టడం అలవాటు" అంది మేనేజరమ్మ. నిజమే, అలవాటే. అలాంటివాడు ఒకడైనా లేకపోతే ఏ ఆఫీసూ నడవదని నా నమ్మకం.

దాంతోపాటే కుటుంబ కార్డు కూడా వచ్చింది. ఇంటికొక ఫైలు, ఫైలుకొక ఫోన్ నంబరు. ఇంట్లో ఎవరు ఏ పరీక్ష చేయించుకున్నా రిపోర్టు ఆ నంబరుకే. ఇంట్లో ఎవరి ఫోనైనా ఒకటే అనుకునేవాళ్ళు దీన్ని కనిపెట్టి ఉంటారు.

పోయిన మంగళవారం ఒకావిడ వచ్చింది. నలభై లోపు మనిషి. రొమ్ములో గడ్డ ఉంటే సూదితో కొంచెం ముక్క తీసి చేసే పరీక్ష రాశారు డాక్టరమ్మ. ఆమె వివరాలు కొడుతుండగా కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, మా ఇంటి కార్డుకి మా మామయ్యగారి నంబరుంది. ఈ ఒక్కటీ ఆయనకి వెళ్ళకూడదు. నా నంబరుకి పంపండి."

కార్డు మీది నంబరు మార్చాలంటే ఆ మామయ్యగారే రావాలి. అందుకని ఆమె నంబరుని 'గమనిక' అనే గడిలో కొట్టాను. పక్కనే "ఈ నంబరుకి మాత్రమే" అని రాశాను. "నిశ్చింతగా వెళ్ళిరామ్మా" అని కూడా అన్నాను, అడగకపోయినా.

ఆ గమనిక గడి తెర మీద అట్టడుగున ఉంటుంది. కిందకి జరిపితే తప్ప కనబడదు. రోజూ పొద్దున తొమ్మిదింటికి, సిద్ధమైన రిపోర్టులన్నిటికీ ఒకేసారి టిక్కు పెట్టి 'పంపు' నొక్కుతాను. ఈ సోమవారం నలభై ఆరు ఉన్నాయి. ఒక్కోదాన్నీ కిందకి జరిపి చూడాల్సింది నేను. రాసింది నేనే, చూడనిదీ నేనే. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్న సామెత నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది.

పదిన్నరకి ఆమె వచ్చింది. "పొద్దున్నే వస్తుందన్నారు కదా అన్నయ్యా, ఇంకా రాలేదు."

వెళ్ళిందే అనుకుంటూ తెర చూశాను. తొమ్మిదీ రెండుకి వెళ్ళింది. ఏ నంబరుకి వెళ్ళిందో చూశాను. కార్డు మీది నంబరుకి. సర్వర్ అనో సిగ్నల్ అనో చెప్పి ఓ అరగంట గడిపేయొచ్చు. ఆ కౌంటర్లో కూర్చుని అలాంటివి చాలానే చెప్పాను. ఈసారి నోరు రాలేదు.

"నా పొరపాటమ్మా. మీ మామయ్యగారికి వెళ్ళిపోయింది."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. సంచిలోంచి ఫోన్ తీసింది. 'మనింటి మనుషులు' అని వాళ్ళింటి గ్రూపు. అందులో అప్పటికే ముప్పైకి పైగా మెసేజ్‌లున్నాయి. పైనుంచి చదివి, ఫోన్‌ని కౌంటర్ మీద నా వైపు తిప్పింది.

వాళ్ళ మామయ్య రిటైరైన లెక్కల మాస్టారట. తన ఫోన్‌కి ఏదొచ్చినా వచ్చిన నిమిషంలో గ్రూపులో వేయకపోతే ఆయనకి తోచదట. దీన్ని తొమ్మిదీ నాలుగుకి వేశాడు. "ల్యాబ్ వారు పంపారు. ఎవరిదో రాయలేదు. మనలో ఎవరు పరీక్ష చేయించుకున్నారు? పుట్టిన తేదీ అడుగుతోంది. నాది కొట్టాను, తెరుచుకోలేదు."

మెసేజ్‌లో పేరు రాయకపోవడం వల్ల జరిగిన మేలు అది. పేరుంటే ఆయన కోడల్ని ఒక్కదాన్నే పిలిచి అడిగేవాడేమో. లేదు కాబట్టి ఊరేగింపు మొదలైంది.

నాది కాదు, అమ్మది కొట్టి చూడండి అన్నాడు పెద్దకొడుకు. మీ అమ్మకి రెండు తేదీలున్నాయి, బడిలో వేసినదీ అసలుదీ, రెండూ కొట్టాను అన్నాడు మాస్టారు. పెద్దకోడలు తన తేదీ ఇచ్చింది. ఊళ్ళో వేరే ఇంట్లో ఉండే కూతురు తనదీ, వాళ్ళాయనదీ, అడగకుండానే పక్కింటావిడదీ ఇచ్చింది. ఏదీ పనిచేయలేదు. ఐదుసార్లు తప్పు కొడితే మూసుకుపోయే ఏర్పాటు మా సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. పెద్దవాళ్ళు ఇబ్బంది పడుతున్నారని మేమే దాన్ని తీయించేశాం.

ఆఖరున ఈమెకి పిలుపు. "చిన్న కోడలా, పెద్దాడి కూతురు పుట్టింది ఏ ఏడమ్మా? మీ అత్తయ్య ఒకటంటోంది, నేనొకటంటున్నాను."

ఈమె గబగబా తేదీ, నెల, సంవత్సరం కొట్టి పంపింది. వెంటనే ఇంకో ప్రశ్న. దానికీ జవాబు.

"మీరే అందిస్తున్నారేంటమ్మా?" అన్నాను ఉండబట్టలేక.

"మా ఇంట్లో అందరి పుట్టినరోజులూ గుర్తుండేది నాకే అన్నయ్యా. కేకు చెప్పేది నేను, పొద్దున్నే అందర్నీ లేపి గుర్తుచేసేది నేను. ఇప్పుడు మాట్లాడకపోతే అనుమానం వస్తుంది. ఇంకా నలుగురు పిల్లలున్నారు. ఒక్కోటీ నిదానంగా చెప్తే మీకు కాస్త టైమ్ దొరుకుతుంది. ఏదో ఒకటి చెయ్యండి."

చేశాను. మా కంప్యూటరాయనకి ఫోన్ చేశాను. వారానికి ఒక్కరోజు వస్తాడు, మిగతా ఆరు రోజులూ ఫోన్‌లో మనం చెప్పింది విని నవ్వుతాడు.

"లింకు రద్దు చేయొచ్చండీ" అన్నాడు. "రెండు నిమిషాల పని. కార్డున్నాయన ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది. అది కనుక్కుని చెప్పండి."

"ఆయన చూడకూడదనే కదయ్యా రద్దు చేసేది!"

"అందుకేనండీ కోడ్. ఎవరు పడితే వాళ్ళు రద్దు చేయకుండా. భద్రత."

ఫోన్ పెట్టేశాను. పెట్టేసే ముందు ఏమన్నానో ఇక్కడ రాయను, మా కౌంటర్ దగ్గర ఆడవాళ్ళు కూడా ఉన్నారు. మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నిజంగానే కంగారుపడింది. కంగారుపడి, 'గోప్యతకి భంగం' అనే ఫారం తీసి నా చేతిలో పెట్టింది. దాంట్లో రోగి పూర్తి పేరు, వయసు, చిరునామా, పరీక్ష పేరు, ఫలితం రాసి, వెంటనే ఏడుగురు పెద్దలకి మెయిల్ పెట్టాలి. అప్పటిదాకా ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. రేపు పెట్టొచ్చు, ఉద్యోగం పోతే పోనీ.

తిరిగొచ్చేసరికి ఆమె కౌంటర్ పక్కనున్న కుర్చీలో కూర్చుని ఉంది. చిన్నపిల్లల తేదీల్లో రెండు అయిపోయాయట.

"ఇంతకీ ఎందుకమ్మా దాచడం?" అన్నాను. అడగకూడదు. నేనసలు ఎవరినీ అడగను.

"మా అత్తయ్య వాళ్ళక్క ఇదే జబ్బుతో పోయింది. ఆ మాట చెవినపడితే చాలు, ఏడుపులు మొదలవుతాయి. అందరికీ నేనే ధైర్యం చెప్పుకోవాలి. నా గురించి నేను ఏడవాలన్నా వాళ్ళందరి వంతూ అయ్యాకే. ముందు నాకు తెలియాలి అన్నయ్యా. తర్వాత మా ఆయనకి నా నోటితో నేను చెప్పుకోవాలి. ఆ తర్వాత ఊరంతా డప్పు కొట్టుకున్నా పర్లేదు."

దీంట్లో పెద్ద కోరికేమీ లేదు. ఆ చిన్న కోరికని నేను తొమ్మిదీ రెండుకి నలభై ఆరు టిక్కుల్లో కలిపి పంపేశాను. నాకు సిగ్గేసింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి అనను గానీ, ఇంతగా ఎప్పుడూ వేయలేదు.

"నా కాగితం నాకివ్వండి. వాళ్ళకన్నా ముందు నేను చదవాలి" అంది.

ముద్రించాను. మా ప్రింటర్‌లో కాగితం అక్షరాలు పైకి వచ్చేలా పడుతుంది. చదవకూడదని రూలు. నా కళ్ళకి రూళ్ళు తెలియవు. కవర్లో పెట్టి, అంటించి, అలవాటుకొద్దీ అడ్డంగా సంతకం గీసి ఇచ్చాను. ఆమె ఆ సంతకం మధ్యలోంచే చింపింది. పైనుంచి కిందకి ఒకసారి చదివింది, మళ్ళీ మొదటికి వచ్చింది. వేలు ఒక మాట కింద ఆగింది.

"దీనికి అర్థమేంటి?"

"డాక్టరమ్మ పన్నెండున్నరకి వస్తారమ్మా. ఆవిడే చెప్తారు."

ఆమె నా మొహంలోకి చూసింది. మొహంలో ఏమీ కనబడనీయకపోవడమే నా వృత్తి. "సరేలెండి, తెలిసింది" అంది. కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, సంచి జిప్పు లాగి, ఆ జిప్పు మీదే చెయ్యి ఉంచుకుంది.

ఫోన్ కౌంటర్ మీద వెలుగుతూనే ఉంది. మాస్టారు రాశాడు: "పిల్లలవి కూడా అయిపోయాయి. ఇంక మిగిలిందెవరు?"

ఎంతసేపటికీ ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత పెద్దకొడుకు రాశాడు: "మరదలిది కొట్టారా?"

"లేదురా. నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? మీ పెద్దకోడల్ని అడుగుతున్నా. దానికీ తెలీదట. ఎండాకాలమేమో అంటోంది."

గ్రూపులోకి ఆడపడుచు వచ్చింది. "వానాకాలం అనుకుంటా. చిన్నన్నయ్యని అడగండి."

"ఒరేయ్ చిన్నోడా" అని పిలిచాడు మాస్టారు. "మీ ఆవిడ పుట్టినరోజు ఎప్పుడ్రా?"

ఆమె కౌంటర్ అంచు పట్టుకుంది. నేను కూడా నా వైపు అంచు పట్టుకున్నాను. ఆ లింకుని ఎన్నిసార్లు ప్రయత్నించారో, ఎన్నిసార్లు తెరిచారో నా తెర మీద కనబడుతుంది. ప్రయత్నాలు ఇరవై ఎనిమిది, తెరిచినది సున్నా. ఇక ఒక్క మెసేజ్, ఎనిమిది అంకెలు. ఆ తర్వాత లెక్కల మాస్టారు ఆ రిపోర్టుని చదివి, అదే నిమిషంలో గ్రూపులో వేసేస్తాడు.

చిన్నోడి దగ్గర్నుంచి జవాబొచ్చింది. "చూసి చెప్తా."

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

"పద్నాలుగేళ్ళయింది అన్నయ్యా, పెళ్ళయి" అంది. "నేను ఊరికే భయపడి చచ్చాను. నా రిపోర్టుకేం ఫర్వాలేదు. మా ఇంట్లో అంత గట్టి తాళం ఇంకోటి లేదు."

అనాల్సింది ఏదైనా ఉంటుందేమోనని వెతికాను. మా మేనేజరమ్మ శిక్షణలో దీని గురించి చెప్పలేదు.

ఫోన్ మోగింది. వాళ్ళాయనే. ఆమె ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఈసారి ఫోన్‌ని బోర్లించింది. అది ఆగాక మాస్టారు కొత్త ఉపాయంతో వచ్చాడు. కోడలి వయసు ఉజ్జాయింపుగా ముప్పై ఆరు నుంచి నలభై అనుకుంటే, ఐదేళ్ళు, ఏడాదికి మూడువందల అరవై ఐదు, మొత్తం రెండు వేల లోపే. జనవరి ఒకటి నుంచి వరుసగా కొట్టుకుంటూ పోతే రేపు సాయంత్రానికి తప్పక తెరుచుకుంటుంది. "ఎవరూ కంగారుపడకండి, నేను మొదలుపెట్టాను" అని రాశాడు.

ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి. తెర మీద అంకె కదులుతుంటే ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. పుట్టింది ఏ నెలో తెలియకపోయినా ఆయన దగ్గర ఓపికుంది. మిగతా రోగులు నా కౌంటర్ ముందు నిలబడి దగ్గుతున్నారు. ఒకాయన గట్టిగా దగ్గి, దగ్గు కాదు పిలుపని అర్థమయ్యేలా మళ్ళీ దగ్గాడు. "కూర్చోండి, మీ కొలెస్ట్రాల్ ఎక్కడికీ పారిపోదు" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. అది కూడా బయటికి చెప్పకూడనిదే.

పన్నెండుకి పది నిమిషాలుందనగా ఒక మనిషి లోపలికి వచ్చాడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కోస్తాడట, ఆ షాపు నీలం కోటు విప్పకుండానే వచ్చాడు. జుట్టంతా అద్దాల పొడి. కుర్చీలన్నీ వెతికి ఆమె ముందు ఆగాడు.

"ఎత్తలేదేంటి?"

ఆమె తలెత్తలేదు. "తేదీ దొరికిందా?"

"దొరికింది. పిల్లాడి స్కూలు ఫారం ఫోటో ఉంది నా ఫోన్‌లో. అందులో తల్లి పుట్టిన తేదీ రాసుంది."

"అయితే చదివేశారన్నమాట."

"లేదు."

ఆమె అప్పుడు చూసింది.

"నీదని అర్థమైంది" అన్నాడాయన. "నాకు చెప్పలేదంటే ఏదో ఉంది. చెప్పాలనుకుంటే నువ్వే చెప్తావు. అందుకే కొట్టలేదు. నాన్నకి కూడా చెప్పలేదు. లింకులో ఈ ల్యాబ్ పేరుంది కదా, వచ్చేశాను."

మాటలదేముంది, ఎవరైనా చెప్తారు. నేను తెర వైపు చూశాను. ప్రయత్నాలు నలభై నాలుగు, తెరిచినది సున్నా. ఆమె కూడా నా వైపే చూస్తోంది. నేను సున్నా చుట్టి చూపించాను, గాలిలో వేలితో. రోగి వివరాలు మూడో మనిషి ముందు సైగల ద్వారా చెప్పడం మీద ఇంకా ఏ రూలూ లేదు.

ఆమె పక్క కుర్చీ మీదున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను వేరేవైపు తిరిగాను గానీ, చెవులు ఎటు తిప్పుకోవాలో నాకు రాదు.

"గడ్డొకటి వచ్చింది. నెలైంది చూసుకుని. ముక్క తీసి పరీక్ష చేశారు." ఆగింది. "మంచిది కాదట. డాక్టరమ్మ వచ్చి మిగతాది చెప్తుంది. చిన్నగా ఉన్నప్పుడే దొరికిందనే అనుకుంటున్నాను. నాకు భయంగా ఉందండీ."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అద్దాల పొడి ఆమె చేతికి కూడా అంటింది. ఆమె ఏడ్చింది, ఎవరి వంతు కోసమూ ఆగకుండా.

కాసేపటికి ముక్కు తుడుచుకుని ఫోన్ తీసింది. తను రాసింది ముందు ఆయనకి చూపించి తర్వాత పంపింది. నాకూ వినబడేలా చదివింది కాబట్టి చెబుతున్నాను: "మామయ్యా, అది నాదే. సాయంత్రం ఇద్దరం ఇంటికొచ్చి చెప్తాం. అప్పటిదాకా తెరవకండి."

యాభై రెండు దగ్గర అంకె ఆగింది. మాస్టారు ఏదో కొడుతున్నట్టు చాలాసేపు చూపించింది ఫోన్. చివరికి "సరేనమ్మా. భోజనం చేసి రండి" అని వచ్చింది. ఆ తర్వాత అంకె కదల్లేదు. నేను సాయంత్రం కౌంటర్ మూసేదాకా మధ్యమధ్యలో చూశాను. యాభై రెండు, సున్నా.

డాక్టరమ్మ కారు వచ్చిన చప్పుడైంది. వాళ్ళిద్దరూ లేచారు. ఆయన రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఆ ఫారంలో తేదీ చూశాక..." అన్నాడు. "నీ పుట్టినరోజు పోయిన మంగళవారమేగా."

"ఊఁ."

"పొద్దున నేను షాపుకెళ్తుంటే గుమ్మం దాకా వచ్చావు. ఒక్క మాట అనొచ్చుగా. ఆ రోజంతా ఎవరికీ చెప్పలేదా?"

"ఒకరికి చెప్పాను. ఈ ముక్క తీయించుకోవడానికి ఇక్కడికే వచ్చాను ఆ రోజు." ఆమె నా వైపు చూపించింది. కోపమేమీ లేదు, దారి చెబుతున్నట్టే చూపించింది. "ఈయన అడిగారు, పుట్టిన తేదీ ఎంత అని. చెప్పాను."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమన్నారు?"

"ఫోన్ నంబర్ చెప్పమన్నారు" అంది.